పక్క పూస పుణ్యం

పిన్నికి,
కుట్టుపని ఎలా సాగుతోంది? నా పని మాత్రం బాగాలేదు. డీఎన్‌ఏ గొలుసు నా కొంప ముంచేలా ఉంది. ఆక్సిజన్ దెబ్బకి అందులో ‘జి’ అనే పూస అన్నిటికంటే ముందు పాడవుతుంది. ఎంత త్వరగా అన్నది పక్కనున్న పూసల్ని బట్టి ఉంటుంది. రెండు ‘జి’లు పక్కపక్కనుంటే మొదటిదే చెడాలి. నా దగ్గర ప్రతిసారీ రెండోది చెడుతోంది! నెలాఖరులోగా కారణం చెప్పకపోతే మూడేళ్ళ పరిశోధన చెత్తబుట్టలోకేనని ప్రొఫెసరు తేల్చేశారు. ఏడుపొస్తోంది.
నీ తిక్కపిల్ల
తా.క.: తప్పు గొలుసుదో నాదో తేలేదాకా నిద్రపట్టదు.

తిక్కపిల్లకి ఆశీస్సులు.
నీ ఉత్తరం చదివిన కంగారులో ఒకాయన చొక్కాకి మూడో చెయ్యి కుట్టబోయాను. నేను నీ మెడలో వేసిన గొలుసు పాడవుతోందా? ఆ డీఎన్‌ఏ కొట్టు గడప నేనెన్నడూ తొక్కలేదు, మా వీధి చివరి కొట్లోనే కొన్నాను. ప్రొఫెసరుకి చూపించకు. అయినా మొదటి పూస, రెండో పూస అంటున్నావు, కొక్కెం ఎటువైపు పెట్టుకుని లెక్కపెట్టావు? టేపు తిరగేసి పట్టుకుంటే ఎవరికైనా కొలత తప్పుతుంది.
నీ పిన్ని
తా.క.: సబ్బునీళ్ళు తగలనివ్వకు. ఎందుకని అడక్కు.

పిన్నీ, నీ నోట్లో పంచదార పొయ్య!
కొక్కెం మాట చదవగానే ల్యాబుకి పరిగెత్తాను. ఆర్నెల్లుగా గొలుసుని చివరి నుంచి చదువుతున్నాను! తిప్పి చదివితే చెడింది మొదటి ‘జి’యే. ప్రొఫెసరు ముందు తిట్టి, తర్వాత టీ ఇప్పించారు. హమ్మయ్య, గట్టెక్కాను! ఇంతకీ డీఎన్‌ఏ నగల కొట్టు కాదు పిన్నీ. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండే, కంటికి కనబడని గొలుసు.
నీ తిక్కపిల్ల
తా.క.: పట్టా పుచ్చుకునే రోజున నువ్విచ్చిన గొలుసే వేసుకుంటాను.

అమ్మా తిక్కపిల్లా,
నాలుగు రోజుల తర్వాత ఇవాళే కడుపునిండా తిన్నాను. అంతలో నీ తా.క. చదివాను, మళ్ళీ గుండెల్లో రాయి పడింది. అది గిల్టుదే. హాస్టలుకి నిన్ను బోసి మెడతో పంపలేక బంగారమని అబద్ధమాడాను. సిగ్గుగా ఉంది, క్షమించు.
పిన్ని
తా.క.: పట్టా రోజుకి పెద్ద కాలరు పెట్టి జాకెట్టు కుట్టి పంపిస్తాను.

పిచ్చి పిన్నీ,
అది గిల్టని మొదటి వారంలోనే తెలుసు, మెడ పచ్చబడింది. ఆ గొలుసులో పక్కపక్కనున్న రెండు పూసల్లో ఒకటే ఎందుకు ముందు నల్లబడిందో అంతుపట్టక పుస్తకాలు తిరగేశాను. అలా తిరగేస్తూ తిరగేస్తూ వచ్చిపడింది ఈ పరిశోధనలోనే. నువ్వు బంగారమే ఇచ్చుంటే ఈపాటికి ఏ ఆఫీసులోనో గుమాస్తానయ్యేదాన్ని.
నీ తిక్కపిల్ల
తా.క.: కాలరొద్దు. మెడ బాగా కిందికి కుట్టు, గొలుసు కనబడాలి.