గ్రైండర్ లేకుండా రా మామా

పెనుకొండ,
గురువారం

ఖాదర్‌వలి మామకు నీ మేనకోడలు రాసేదేమంటే, ఈడ అందరమూ బాగుండాము, నాయన నడుము తప్ప.

ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనీవని ఉత్తరం రాస్తాండా. సోమవారం హిందూపురంలో నా వెల్డింగ్ అప్రెంటిస్ చివరి పరీక్ష. సాయానికి నువ్వు ధర్మవరం నుంచి గ్రైండర్ తీసుకుని వస్తానన్నావంట. తేవద్దు మామా. నీ షాపులో అతికించి, గ్రైండర్ పట్టి నున్నగా అరగదీసి, పుట్టీ పూసి, రంగు కొట్టేది నేర్పిస్తివి. ఆడ గ్రైండర్ ముట్టకూడదంట, రంగు వేయకూడదంట. జాయింట్‌ను ఉన్నదున్నట్టు సుత్తితో కొట్టి చూస్తారంట.

ఆ కొట్టేది అలవాటు చేసుకుందామని, పోయిన రంజాన్‌కి నువ్వు చేసిచ్చిన ఇనుప మంచం కాలును మెల్లగా కొట్టినా. పుట్టీ రాలిపాయ. లోపల వెల్డింగ్ రెండే చుక్కలు అంటుకోనుండాయి. రెండో దెబ్బకు అవీ పాయ. నాయన పేపర్ చదువుకుంటా దాని మీదనే ఉండాడు.

పక్క షాపులో మిషన్ అడిగి నాలుగు కాళ్లూ నేనే మళ్లీ వెల్డింగ్ చేసినా. అయినా నాయన కింద చాప వదిలి మంచం ఎక్కలేదు. "నువ్వూ మీ మామ శిష్యురాలివే కదా" అంటాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నేనూ ఎక్కలేదు.

అందుకే ఆదివారమే రా. గ్రైండర్ వద్దు, నువ్వొక్కడివే చాలు. మన ఇండ్లల్లో నీ అంత బరువు ఎవరూ లేరు. నాయన ముందర ఆ మంచం మీద పండుకో. అది నిన్ను మోసిందంటే సోమవారం నాకు భయం లేదు.

అమ్మ బిర్యానీ చేస్తాది. తిన్నాకనే ఎక్కు మామా, ముందు కాదు.

నీ మేనకోడలు