ఎడమ మూల చీకటి

12 నవంబరు 2007, సోమవారం

పెద్దాపురం నుంచి సీడీ వచ్చింది. దీపావళి పొగ తగ్గాక, శనివారం రాత్రి ఉదయభాస్కర్ గారు తీసిన ఆండ్రోమెడా గెలాక్సీ. కాలేజీ నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

టెలిస్కోపు ఆయనది, కెమెరా నాది. ఆయన వాళ్ల డాబా మీద ఫొటోలు తీస్తారు. నేను రాజమండ్రిలో కూర్చుని వాటిని శుభ్రం చేస్తాను. రెండేళ్లుగా ఇంతే. మనిషిని చూసింది రెండుసార్లు. కాకినాడ సైన్స్ ఫెయిర్‌లో ఒకసారి, కెమెరా ఇవ్వడానికి బస్టాండులో ఒకసారి. రెండోసారి నీలం చారల చొక్కా. ఆ డాబా నేనెప్పుడూ చూడలేదు. అక్కణ్ణించి కనిపించే ఆకాశం మాత్రం నా కంప్యూటర్ నిండా ఉంది.

ఫొటో బాగా రాలేదు. గెలాక్సీ ఉంది గానీ, పైన ఎడమ మూల నల్లగా, కింద కుడి మూల పాలిపోయినట్టు తెల్లగా. ఫ్లాట్స్ వేశాక ఇలా ఉండకూడదు.

13 నవంబరు

అమ్మ వెనక నిలబడి చూసింది. ఇదేం ఫొటోనే, ఇందులో ఏమీ లేదుగా అంది. దీన్నే ఫ్లాట్ అంటారమ్మా అన్నాను. వట్టి తెల్లటి ఆకాశాన్ని అదే టెలిస్కోపుతో, అదే కెమెరాతో తీస్తాం. ఎక్కడ దుమ్ముందో, ఎక్కడ వెలుతురు తక్కువ పడుతోందో అందులో తెలిసిపోతుంది. దాన్నిబట్టి అసలు ఫొటోని సరిచేస్తాం. ఏమీ లేనిదాని కోసం కళ్లు పోగొట్టుకుంటావా, అన్నం తిను అంది.

ఆయనకి ఫోన్ చేశాను. శనివారం ఆఫీసులో ఆలస్యమై చీకటి పడిపోయిందట, అందుకని ఫ్లాట్స్ ఆదివారం పొద్దున తీశారట. ఫోన్ ఎత్తగానే "చెప్పండి సారిక గారూ" అంటారు. ఎప్పుడూ అదే మాట. నలభై ఒకటో ఏట ఒక "చెప్పండి" కోసం ఎదురుచూడడమేంటో.

14 నవంబరు, ఉదయం

దొరికింది!

దుమ్ము మచ్చలన్నీ శుభ్రంగా పోయాయి. ఆ దుమ్ము కెమెరా లోపలిది, కెమెరాని ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. మూలల చీకటి టెలిస్కోపుది. అదొక్కటే పోలేదు. అంటే మధ్యలో కెమెరా విప్పి మళ్లీ బిగించారు, బిగించేటప్పుడు కాస్త పక్కకి తిరిగింది. మంచుకి పాడవుతుందని ఆయన కెమెరాని ఇంట్లో పెడతారు మరి. విప్పకముందే ఫ్లాట్స్ తీస్తే చాలు. ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు.

సాయంత్రం

చెప్పలేదు.

ఏమైనా తెలిసిందా అండి అన్నారు. ఇంకా చూస్తున్నానండి అని నా నోరే అంది. ఓసారి డార్క్స్ తీసి పంపండి అని కూడా అంది. మూత పెట్టి తీసే ఫొటోలు. వాటితో పనేమీ లేదు. మామూలుగా మా ఫోన్ ఐదు నిమిషాలు. ఇవాళ అరగంట.

19 నవంబరు

ఇంకో సీడీ. కవరు మీద "సారిక గారికి". "గారికి"లో గుడులు గుండ్రంగా రాస్తారు.

24 నవంబరు, శనివారం

ఫోన్లో మొదటిసారి ఆయన భార్య మాట వచ్చింది. ఆవిడ పేరు సత్యశ్రీ. ఆవిడ చనిపోయిన ఏడాది, సాయంత్రాలు ఏం చేసుకోవాలో తెలియక టెలిస్కోపు అద్దం అరగదీయడం మొదలుపెట్టారట. గాజు మీద గాజు పెట్టి, మధ్యలో పొడీ నీళ్లూ వేసి, నెలల తరబడి. వాళ్లక్క వీరవేణి గారు వంటింట్లోంచి ఆ చప్పుడు వింటూ ఉండేవారట. చప్పుడు ఆగితే తమ్ముడు ఏడుస్తున్నాడేమోనని గరిటె పట్టుకునే వచ్చి తొంగిచూసేవారట. ఇది చెప్పి ఆయన నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

రేపు చెప్పేస్తాను.

25 నవంబరు

చెప్పలేదు.

2 డిసెంబరు, ఆదివారం

చర్చిలో పాస్టర్ గారు ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు.

సాయంత్రం ఫోన్లో, తప్పు అద్దానిదేనేమో అన్నారు ఉదయభాస్కర్ గారు. అంచు సరిగా అరగలేదేమో, నాకు చేతకాలేదేమో అన్నారు. కాదండి, అద్దం బాగుంది అన్నాను. మరేంటండి అని అడిగారు. ఇదిగో ఇక్కడ చెప్పాల్సింది. చూస్తానండి అన్నాను.

ఆయన గొంతు నీరసంగా ఉంది. జలుబు చేసిందా అని అడిగితే లేదన్నారు.

6 డిసెంబరు, గురువారం

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉండగా ఆయన నంబరు నుంచి ఫోన్. మాట్లాడింది వీరవేణి గారు. "ఫోన్లో సారిక గారేనా అమ్మా? మా తమ్ముడు అద్దం విప్పేశాడు. కాస్టిక్ సోడా తెచ్చుకున్నాడు. దాని మీద మెరిసే పూతంతా కడిగేసి మళ్లీ మొదట్నించీ అరగదీస్తాడట. సరిగా అన్నం తినట్లేదు. మీరు చెబితే వింటాడేమో." ఆయనకివ్వండి అన్నాను. ఫోన్ దగ్గరికి రానన్నారట.

సగం రోజు సెలవు పెట్టి బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ప్రార్థన, ఇంకా కడిగి ఉండకూడదని.

కడిగేశారు.

పెరట్లో కుళాయి దగ్గర పీట మీద కూర్చుని ఉన్నారు. ముందు ప్లాస్టిక్ బేసిన్. అందులో అద్దం. అద్దం అనడానికి లేదు, వట్టి గాజు. బేసిన్ అడుగున గులాబీ పువ్వు బొమ్మ దాంట్లోంచి స్పష్టంగా కనబడుతోంది. నన్ను చూసి లేచి నిలబడ్డారు. మీరేంటండి ఇలా అన్నారు.

నిలబడే చెప్పేశాను. కెమెరా తిరిగిందని. అద్దంలో ఏ లోపమూ లేదని. నాకు ఎప్పుడో తెలుసని.

"ఎప్పుడు తెలిసిందండి?"

"సీడీ వచ్చిన మూడో రోజే."

తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నారు. "మూడు వారాలుగా నా చేతుల్ని నేనే అనుమానించుకున్నానండి" అన్నారు. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఎందుకు చెప్పలేదని అడిగారు. చెబితే ఫోన్లు ఆగిపోతాయని అన్నాను. వీరవేణి గారు కాఫీ తెస్తూ గుమ్మంలోనే ఆగిపోయారు. ఆవిడ విన్నారు. విననీ.

ఆయన గాజుని తువ్వాల్లో చుట్టి లోపలికి తీసుకెళ్లారు. డాబా మెట్లు పక్కనే ఉన్నాయి. ఎక్కమని ఎవరూ అనలేదు.

బస్టాండు దాకా వచ్చారు. బస్సు కదిలేవరకూ నిలబడ్డారు. చెయ్యి ఊపలేదు.

9 డిసెంబరు

అమావాస్య. ఆకాశం కడిగినట్టుంది. ఏం లాభం.

25 డిసెంబరు

క్రిస్మస్. ఇంటినిండా జనం. ఫోన్ మోగినప్పుడల్లా నేనే లేచాను. అమ్మ గమనించింది. ఎవరే అని అడగలేదు, నా పళ్లెంలో ఇంకో గారె వేసింది.

3 జనవరి 2008

వీరవేణి గారు ఫోన్ చేశారు. అద్దాన్ని మళ్లీ అరగదీయలేదట. పూత వేయించడానికి బెంగుళూరు పంపించారట. నా గురించి ఏమైనా అన్నారా అని అడగబోయి, చలి ఎలా ఉందండి అని అడిగాను. వాడు మెల్లగా తెములుతాడమ్మా, ఏ పనైనా అంతే అన్నారావిడ.

19 జనవరి, శనివారం

ఫోన్ మోగింది. ఆయనే.

టెలిస్కోపు మాట ఎత్తలేదు. భోజనం అయిందా అండి అన్నారు. అయిందండి అన్నాను. ఏం కూర అన్నారు. బీరకాయ, రొయ్యపొట్టు. అలాగా అండి అన్నారు.

తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఎవరమూ ఫోన్ పెట్టెయ్యలేదు.