నల్ల బిరడాల ప్రయోగం ఎవరిది?

సత్తయ్య గారూ, నమస్కారం.

మీరు వెళ్లిపోయి ఐదు నెలలైంది. ఈ ఐదు నెలల్లో నా మీద ఒక అభియోగం తయారైంది. అందులో మీ పేరు ఉంది కాబట్టి ముందు మీకే చెప్పాలి. ప్రయోగశాలలో గాజు సామాను కడిగిన మనిషి పేరును పరిశోధన పత్రం మీద రచయితగా పెట్టి, నా సొంత పశ్చాత్తాపాన్ని శాస్త్రంగా చెలామణీ చేయిస్తున్నానట. విభాగంలోని పెద్దలు ఆ మాట మర్యాదగానే అన్నారు. మర్యాదగా అన్న మాటకు జవాబు చెప్పడం మరీ కష్టం.

ఈ రోజు శనివారం. మన సెమినార్ గదిలోనే ఉన్నాం. కాసేపట్లో కడిగే గదిలో మీ ఫొటో తగిలిస్తారు. మీ ఇంటావిడ ఎల్లమ్మ గారు ముందు వరసలో కూర్చున్నారు. మీ గురించి నాలుగు మాటలు చెప్పమని విభాగం వాళ్లు నన్ను అడిగారు. మీ గురించి చెప్పడం నాకు చేతకాలేదు… అందుకే మీకు రాసుకొచ్చి చదువుతున్నాను. వీళ్లు వింటారు.

రెండేళ్లపాటు మిమ్మల్ని "సత్తయ్యా" అని పిలిచాను. మీ వయసు నా వయసుకు రెండింతలు. అందరూ అలాగే పిలిచేవారు, నేనూ పిలిచాను. దానికి సంజాయిషీ ఏదీ లేదు. మీరు మాత్రం నన్ను వకీలమ్మా అనేవారు. చర్చా పోటీలో కప్పు గెలిచి తెచ్చిన రోజున, "మైకు లేకున్నా నీ గొంతు బాలానగర్ దాక ఇనపడ్తది గద, ఇంక మైకెందుకు దండుగ?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ ఎగతాళి కోసం ఏ కప్పయినా ఇచ్చేస్తాను.

ఎల్లమ్మ గారికి తెలియదు కనుక నా పనేమిటో రెండు మాటల్లో చెప్తాను. గాయం మానేటప్పుడు చర్మంలోని కణాలు ఖాళీ జాగా వైపు ఎలా కదులుతాయో చూడడం నా పరిశోధన. అందుకోసం ఎలుక కణాల్ని గాజు ఫ్లాస్కుల్లో పెంచుతాం. గులాబీ రంగు పోషకద్రవం పోసి, రబ్బరు బిరడా బిగించి, ఒంటి వేడి ఉండే పెట్టెలో పెడతాం. కణాలు బతికి తింటే ఆ గులాబీ రంగు మెల్లగా పసుపు వైపు తిరుగుతుంది. చస్తే అలాగే ఉండిపోతుంది.

నావి చచ్చాయి. ఒక వారం కాదు… రెండు నెలలు. మొదట మాదాపూర్ వైపు బండలు పేలుస్తున్నందువల్లే అన్నాను, కిటికీ అద్దాలు అదురుతున్నాయి కదా అని. తర్వాత పోషకద్రవాన్ని అనుమానించాను. ఆ తర్వాత మిమ్మల్ని.

నా వాదన ఎంత నిటారుగా నిలబడిందో మీకు గుర్తుందా? పక్క ప్రయోగశాల నుంచి విదేశీ ప్లాస్టిక్ ఫ్లాస్కులు నాలుగు తెచ్చాను. అవే కణాలు, అదే ద్రవం, అదే పెట్టె. ప్లాస్టిక్‌లో బతికాయి, గాజులో చచ్చాయి. రెండింటికీ తేడా గాజు ఒక్కటే కాబట్టి గాజు శుభ్రంగా లేదని, కాబట్టి కడిగే మనిషి అజాగ్రత్త అని తేల్చాను. ఇదే గదిలో, శనివారం సమావేశంలో, ఇరవై నిమిషాలు. మీరు తలుపు దగ్గర ట్రే పట్టుకుని నిలబడి విన్నారు.

ఆ రోజు నేను చాలా బాగా మాట్లాడాను. నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వనిది అదే. తడబడి ఉంటే ఎవరైనా ఒక ప్రశ్న అడిగేవారేమో…

సోమవారం మిమ్మల్ని మొక్కల షెడ్డుకు నీళ్లు పట్టే పనికి మార్చారు. మీరు నాతో వాదించలేదు. "సరే బిడ్డ. సూద్దాం" అన్నారు. ఓడిపోయినవాడి మాట అనుకున్నాను. అది ప్రయోగం మొదలుపెట్టే మనిషి మాటని నాకెలా తెలుస్తుంది?

మీరు తెల్లాపూర్ నుంచి సైకిలు మీద వచ్చేవారని తెలుసు. అంతకు ముందు పన్నెండేళ్లు బాలానగర్‌లో ఇనుప సామానుకు నికెల్ పూత పూసే కార్ఖానాలో చేశారని మాత్రం నేను ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే, పూత పట్టాలంటే లోహం ఎంత శుభ్రంగా ఉండాలో, దాన్ని మీరు ఎలా పరీక్షించేవారో ముందే తెలిసేది. కడిగిన ప్రతి సీసానూ నీళ్లలో ముంచి పైకెత్తి వెలుతురుకు పట్టేవారు. "నీళ్లు తెర లెక్క జారాలె. ఏడన్న పగిలిందంటే ఆడ మురికున్నట్టే." ఆ పరీక్షలో నెగ్గని సీసా ఏదీ మీ చేతి నుంచి నా చేతికి రాలేదు. అంటే నా అభియోగానికి జవాబు రోజూ మీ కళ్లముందు ఉంది. అయినా ఆ రోజు ఒక్క మాటా అనలేదు… ఎందుకు? నేను వినే స్థితిలో లేననా?

షెడ్డుకు మార్చిన మూడో రోజున మీరు నా బల్ల దగ్గరికి వచ్చారు. మేమందరం బతికిన కణాల్ని చూస్తాం, చచ్చినవాటిని పారబోయమని సింకు దగ్గర వదిలేస్తాం. చచ్చినవాటిని చూసేది మీరొక్కరే. ఆ రెండు నెలలూ మీరు పారబోసే ముందు ఒక్కో ఫ్లాస్కు రంగు చూశారు. గులాబీగానే మిగిలినవాటికి కొత్తగా వచ్చిన నల్ల బిరడాలు ఉన్నాయి. మిగతావాళ్ల బల్లల నుంచి కడగడానికి వచ్చిన, పసుపు తిరిగినవాటికి పాత బూడిద రంగువి. "నువ్వు తెచ్చిన పిలాస్టిక్ సీసలకు మూత గూడ పిలాస్టిక్‌దే గద బిడ్డ. మూత సంగతి మరిచినవ్."

నేను ఒప్పుకోలేదు. అది మీకు గుర్తు చేయక్కర్లేదు. మీరు లెక్కపెట్టి ఉండరని, యాదృచ్ఛికం అయి ఉండవచ్చని, మీకు ఈ విషయంలో స్వార్థం ఉందని కూడా అన్నాను. చివరి మాట అన్నాక మీ ముఖం చూడలేకపోయాను. మీరు మాత్రం, "అవు, ఉన్నది. అందుకే నా మాట ఇనకు. నువ్వే చెయ్యి" అన్నారు.

ఇరవై నాలుగు ఫ్లాస్కులు. అన్నిటినీ నా చేతనే కడిగించారు, నీళ్ల తెర చూపించి మరీ. అన్నిటికీ కొత్త నల్ల బిరడాలే. వాటిలో సగం మాత్రం ముందు రోజు మీరు బట్టల సోడా కలిపిన నీళ్లలో ఉడకబెట్టి, ఆ తర్వాత మంచి నీళ్లలో పదిసార్లు మార్చి మార్చి కాచారు. మిగతా సగం వచ్చినవి వచ్చినట్టే. ఆరాక రెండూ చూడడానికి ఒకటే. ఏ నంబరు ఫ్లాస్కుకు ఏ బిరడా పెట్టారో పగిలిన సామాను రిజిస్టరు వెనక పేజీల్లో రాసి, ఆ రిజిస్టరును తీసుకెళ్లి మొక్కల షెడ్డులో దాచారు. నేను అడిగాను, బతిమాలాను, బెదిరించాను కూడా. "చెప్తే నీ కన్ను మారుతది. జర ఓపిక పట్టు."

ఐదో రోజున సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటీ చూసి నా ఫలితాలు నేను రాశాను. అప్పుడు రిజిస్టరు తెచ్చారు. పక్కపక్కన పెట్టాం.

ఉడకబెట్టని పన్నెండూ చచ్చాయి. ఉడకబెట్టిన వాటిలో పదకొండు నిండుగా పరుచుకున్నాయి. పన్నెండోదానికి బూజు పట్టింది. దాన్ని లెక్కలోంచి తీసేద్దామని నేనే అన్నాను… నేను, ప్రతి వేదిక మీదా నిజాయితీ గురించి ఉపన్యసించే నేను. మీరు కలం నా చేతిలో పెట్టి, "అది గూడ రాయి" అన్నారు.

మిమ్మల్ని తిరిగి కడిగే గదికి పిలిచారు. కొత్త బిరడాలు ముందు ఉడకబెట్టాకే వాడాలని గోడ మీద కాగితం అంటించారు. నా కణాలు బతికాయి, నా పరిశోధన బతికింది. కానీ ఈ గదిలో ఇరవై నిమిషాలు మాట్లాడి మీ మీద వేసిన నిందను, ఇదే గదిలో ఒక్క నిమిషం మాట్లాడి వెనక్కి తీసుకోలేదు. వచ్చే శనివారం అనుకున్నాను. ఆ తర్వాత శనివారం అనుకున్నాను. సీతాఫలాల కాలంలో మీ ఊరి నుంచి సంచి నిండా తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఫికర్ జెయ్యకు వకీలమ్మా, తిను" అన్నారు. తిన్నాను. తినేసి ఊరుకున్నాను. ఒక బుధవారం ఛాతీలో నొప్పి అన్నారు. దవాఖానకు చేరేలోపే…

ఆ నిందను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. సత్తయ్య గారు అజాగ్రత్త మనిషి అని ఈ గదిలో నేను చెప్పింది తప్పు. నా ప్రయోగంలో రెండు తేడాలు ఉంటే ఒకటే చూశాను. వింటున్న అందరూ దీన్ని సమావేశం పుస్తకంలో రాసుకోవచ్చు.

మీరు లేని ఈ ఐదు నెలల్లో ఏమైందో కూడా చెప్పాలి కదా. మాదాపూర్‌లో ఆ గుండ్రటి భవనానికి అద్దాలు బిగించారు. మన బస్సుల్లో టై కట్టుకున్నవాళ్లు నిలబడి వెళ్తున్నారు. కంప్యూటర్ల భవిష్యత్తు మీద అక్కడొక చర్చా పోటీ పెడితే వెళ్లాను. మంచి ఊపులో ఉన్నాను. న్యాయనిర్ణేత ఒక ప్రశ్న అడిగారు. జవాబు అల్లగలను, నాలుక చివర ఉంది. కానీ నిజంగా నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఓడిపోయాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే సిగ్గుగా అనిపించలేదు, తేలిగ్గా ఉంది. అది మీరు ఇచ్చినదే. నాకు చదువు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లందరికీ రుణపడే ఉన్నాను. నా మాటను నేనే అనుమానించడం నేర్పింది మాత్రం మీరొక్కరే.

ఇక ఈ బిరడాల పత్రం మీద వచ్చిన అభియోగం సంగతి. అందులో సగం నిజం. పశ్చాత్తాపం ఉంది, దాచను. కానీ చెప్పే మనిషికి పశ్చాత్తాపం ఉన్నంత మాత్రాన సాక్ష్యం అబద్ధమవుతుందా? మీకు స్వార్థం ఉందని మీరే ఒప్పుకుని, అందుకే నా చేతనే చేయించారు. నేనూ అదే చేస్తున్నాను. నా మాట నమ్మవద్దు. రిజిస్టరు చదవండి.

ఆయనకు ఆ బిరడాలోంచి ఏ రసాయనం దిగుతుందో తెలియదు కదా అంటున్నారు. నాకూ తెలియదు. మన ప్రొఫెసర్ గారికీ తెలియదు, పత్రంలో ఆ మాటే రాశాం. ఒకే తెలియనితనం మా ఇద్దరికీ అడ్డురాకుండా మీకొక్కరికే ఎలా అడ్డొస్తుంది? కృతజ్ఞతల వరసలో చివర చిన్న అక్షరాల్లో పెడదాం, గాజు సామాను కడిగినందుకు ధన్యవాదాలని… అన్నారు. ఆ ఇరవై నాలుగు ఫ్లాస్కులను మీరు కడగలేదు సత్తయ్య గారూ. కడిగింది నేను. ఆ వాక్యం వేయాలంటే నా పేరు మీదే వేయాలి.

ఇంకొక మాట ఉంది, గట్టి మాట. రచయిత అన్నవాడు అడిగితే జవాబు చెప్పగలగాలి, చనిపోయినవారు చెప్పలేరు. ఈ మాటను నేను గౌరవిస్తాను. కానీ మీరు బతికి, రోజూ ఈ తలుపు దగ్గర నిలబడి ఉన్నప్పుడు మిమ్మల్ని ఎవరు ఏం అడిగారు? ఇప్పుడు ఎవరైనా అడిగితే రాత ఉంది, బతికినవాటితో పాటు బూజు పట్టినదాన్ని కూడా చూపిస్తుంది. దాని పక్కన నేనున్నాను. ఆ పేజీల మీద ఎవరు ఏ ప్రశ్న వేసినా మీ తరఫున నిలబడతాను. ఇది మాటిస్తున్నాను. ఈసారి బాగా మాట్లాడడానికి కాదు… ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి.

ఎల్లమ్మ గారు నిన్న నన్ను ఒకటే అడిగారు, పత్రం మీద పేరుంటే ఏమవుతుందని. ఏమీ కాదని చెప్పాను. ఎక్కడో ఒక ప్రయోగశాలలో కణాలు చస్తుంటే, ఎవరో ఒకరు కడిగే మనిషిని నిలదీసే ముందు ఆ పేరు చదివి ఆగుతారని చెప్పాను. ఆమె తల ఊపారు. మిమ్మల్ని చూసినట్టు అనిపించింది.

సెలవు, సత్తయ్య గారూ. మిగిలిన నాలుగు మాటలు మీతో కాదు, వీళ్లతో.

పెద్దలారా, పత్రం ఈ బల్ల మీద ఉంది. మొదటి పేరు ఆయనది, రెండోది నాది, మూడోది ప్రొఫెసర్ గారిది. సోమవారం పోస్టులో వెళ్లాలి, విభాగం సమ్మతి సంతకం కావాలి. ఫొటోకు దండ వేయడం తేలిక, అది తర్వాత వేద్దురు గాని. ముందు సంతకం చేయండి. చేయలేనివారు, ఆ ప్రయోగం ఎవరిదో అదే కాగితం మీద రాసి, దాని కింద మీ పేరు పెట్టండి.