మూల ఇల్లు తీసుకోండి, గోడ వదలండి

అయ్యా,

విషయం: రోడ్డు వెడల్పులో మా ఇల్లు పడగొట్టేటప్పుడు పక్కింటి వైపు గోడ ఒక్కటి ఉంచమని కోరడం గురించి.

నేను పాత బస్టాపు వెనక వీధిలో మూల ఇంటి కుర్రాడిని. చదువు మధ్యలో మానేశాను. తప్పులుంటే మన్నించాలి.

1. రేపు పొద్దున మా ఇల్లు కొడతారు. కొట్టుకోండి. నాకు ఆ ఇంటి మీద మోజు లేదు, ఎప్పుడెప్పుడు బయటపడదామా అనే ఉంది. సామాను మా అక్క ఇంటికి చేర్చేశాను కూడా.

2. అసలు సంగతి గోడది. మా తాత తాపీమేస్త్రీ. బస్సు ఇక్కడే వెనక్కి తిరిగే రోజుల్లో, ఇది ఊరి చివరగా ఉన్నప్పుడు, మొదట ఇల్లు కట్టింది ఆయనే. నాలుగు గోడలూ కట్టాడు. తర్వాత వచ్చినాయన "అన్నా, నీ గోడకి ఆనించుకోనా?" అన్నాడట. "ఆనించుకో, గోడేమన్నా అరిగిపోతుందా" అన్నాడట తాత. ఆయన మూడే గోడలు కట్టాడు. ఆయన పక్కనాయనా మూడే. వీధంతా అలాగే పెరిగింది. తమరి మ్యాపులో మాత్రం ప్రతి ఇంటికీ నాలుగు గోడలు గీశారు.

3. పక్కింటి దూలాలు మా గోడలోకి దిగి ఉన్నాయి. గోడ పోతే వాళ్ల కప్పు పోతుంది. ఆ కప్పు కింద, ఆ గోడ పక్కనే, పక్షవాతం వచ్చిన మావయ్య మంచం ఉంది. ఆయన దగ్గితే నాకు ఇటు వినపడుతుంది.

4. ఎర్రరంగు గుర్తు వేసిన మీ సూపర్‌వైజరు గారికి చెప్పాను. "గుర్తు నీ ఇంటికే కదయ్యా, పక్కింటి గొడవ నీకెందుకు?" అన్నారు.

5. మావయ్య భార్య, అత్తకి చెబుదామంటే మా మధ్య మాటల్లేవు. ఒకసారి నేను ఇటు మేకు కొడితే అటు ఆవిడ అద్దం పడి పగిలింది. అప్పట్నుంచి మొహం చూడదు. అయినా వెళ్లి, మావయ్యని నాలుగు రోజులు ఎక్కడికైనా మార్చమన్నాను. "నీ కొంప పోతోందని మా కొంపా పోవాలని ఏడుపేంట్రా నీకు? మాకు గుర్తు వెయ్యలేదు, పో" అని తలుపేసింది.

అయ్యా, ఇళ్లు కొట్టే మిషను అప్పుడే వీధి మొదట్లో పెట్టారు. డ్రైవరన్నని అడిగితే "గోడలు చూసి కొట్టమని నాకెవరూ చెప్పలేదు తమ్ముడూ" అంటున్నాడు. ఇంకెవరిని అడగాలో తెలీక తమకి రాస్తున్నాను. ఇల్లు తీసుకోండి, గోడ వదలండి. లేదా ముందు ఒక మనిషిని పంపి చూపించుకోండి. సాయంత్రం లోపు దీన్ని చిత్తగించి మావయ్యని కాపాడవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
మూల ఇంటి కుర్రాడు

తా.క.: పై అర్జీ మడిచాక ఉండబట్టలేక గోడ పైన సిమెంటు పెళ్లగొట్టాను. దూలం కొస బయటపడింది. ఆ చప్పుడుకి అత్త తిట్టుకుంటూ వచ్చింది. నేను పైకి చూపించాను. స్టూలెక్కి చేత్తో తడిమి చూసింది. "ఒరేయ్, ఇది మా దూలమేరా" అంది. దిగి, ఆ గోడకే వీపు ఆనించి మా ఇంట్లో నేల మీద కూర్చుంది. మిషనొచ్చినా లేవదట. అటు మావయ్య, ఇటు అత్త, మధ్యలో గోడ. ఇల్లు ఇస్తానన్న మాట మీదే ఉన్నాను గానీ అయ్యా, ఆవిణ్ణి లేపడం నావల్ల కాదు. తమరే వచ్చి అడగండి.