డప్పు తీసేసిన టేపు

మార్చి 2

ఖాజా మళ్ళీ వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఆదోనిలో ప్రతి సభకూ మైకు సెట్టు కట్టినవాడు ఇప్పుడు డీజే అవుతాడట! బళ్ళారి నుంచి రికార్డులు తిప్పే పాత టర్న్‌టేబుళ్ళు రెండు మోసుకొచ్చాడు. వచ్చే నెల ఎమ్మిగనూరులో మా కళాబృందం పాత సభ్యులందరి కలయిక ఉంది కదా, ఆ వేదిక మీద మన పాత క్యాసెట్ పాటలను వాటి మీద తిప్పుతాడట. కొత్త దరువు కలిపి.

నాతోనా ఈ మాట? 'చెవుల మీద దాడి' అని డీజేల మీద పుస్తకం వేసినవాణ్ణి. ఊరేగింపు లారీలకు అడ్డం నిలబడి తిట్లు తిన్నవాణ్ణి.

"పుస్తకం రాసినావులే సారూ. ఆ సామాను ఒకతూరన్నా ముట్టుకోని రాసినావా?"

 ముట్టుకోలేదు.

మార్చి 4

వెళ్ళాను. ఖాజా దగ్గరికి, చూడటానికే. తిట్టేదేదో తెలిసి తిడదామని.

ఖాజాకు కావలసింది నా అభిప్రాయం కాదు, నా ఇంగ్లీషు. "కాలేజీలో పిల్లోళ్ళకు సెప్తావు గదా, సామానుతో వచ్చిన ఈ ఇంగ్లీషు పుస్తకం నాకు సదివి సెప్పు. సామాను నేను మోస్తా."

నల్లటి రికార్డు ఒకటి చేతిలో పెట్టాడు. సూది ఆనించాను. పాట లేదు! కీచుమని ఒకే కూత, అంచు నుంచి నడిమి దాకా. పాట లేని రికార్డు అచ్చువేసి అమ్ముతున్నారా? ఇంతకన్నా దగా ఉంటుందా అని లేచాను. ఖాజా పడీ పడీ నవ్వాడు. ఆ కూత మన కోసం కాదట, ల్యాప్‌టాప్ కోసమట. రికార్డు ఎంత వేగంగా, ఎటువైపు తిరుగుతోందో ఆ కూతను బట్టి సాఫ్ట్‌వేర్ కనిపెట్టి, లోపలున్న పాటను అట్లాగే తిప్పుతుందట. వేలితో ఆపితే పాట ఆగుతుంది. వెనక్కి లాగితే వెనక్కి వస్తుంది.

లాగాను. వచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను — ఎవరో నా వేలు పట్టుకున్నట్టు.

మార్చి 7

సాఫ్ట్‌వేర్ ఏది? రెండు రోజులుగా ఇదే వాదన.

ఒకటి అద్దెది. నెలనెలా కడితేనే తిరుగుతుంది. సొంత పాట తిప్పుకోవడానికి కౌలు! రెండోది, దాని కంపెనీ అమ్మే డబ్బా కొని తగిలిస్తేనే మన చక్రాలను గుర్తుపడుతుంది. మూడోది ఊరికే వస్తుంది. దేశదేశాల వాళ్ళు కలిసి రాసి అందరికీ వదిలేశారు. ఇంకేం ఆలోచన? మూడోదే. ఇది సూత్రం.

"అది గొంతునొక పక్క, డప్పునొక పక్క ఇడదీస్తాదా?"

విడదీయదు. మిగతా రెండూ విడదీస్తాయి.

"నాకది కావాల గదప్పా. పాత డప్పు తీసేసి కొత్తది కలపాలంటే?"

పాట అంటే సమష్టి, గొంతు వేరు డప్పు వేరు అనే ఆలోచనే తప్పు అన్నాను. పావుగంట చెప్పాను. ఖాజా వింటూ వైర్లు చుట్టుకున్నాడు.

మార్చి 9

పాట తిరగబడింది. రికార్డు ముందుకు పోతుంటే పాట వెనక్కి. సాఫ్ట్‌వేర్‌ను తిట్టాను, దాన్ని రాసినవాళ్ళను తిట్టాను. చివరికి చూస్తే కుడి వైరు ఎడమ వైపు, ఎడమ వైరు కుడి వైపు తగిలించింది నేనే.

"ఎర్రజెండా పట్టుకోని తిరిగినోనివి, ఎడమేదో కుడేదో తెలీకపాయె!"

మార్చి 10

మొదటి నుంచీ స్పీకర్లలో వస్తున్న బొంయ్‌మనే మోత ఆగింది. ఎర్తు వైరు తగిలించలేదు, అంతే. రికార్డు కూత ఎంత శుభ్రంగా అందుతోందో తెర మీద చూపే గుండ్రటి గీత ఇప్పుడు చేతి గాజులా ఉంది.

ఒక పాటను పట్టుకుని వదలడం వచ్చింది నాకు. ఎవరికీ చెప్పను.

మార్చి 13

 రాస్తాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నేను లేనప్పుడు ఖాజా ఆ అద్దె సాఫ్ట్‌వేర్‌ను డబ్బు కట్టక్కర్లేని కొన్నాళ్ళ వాడకానికి దించాడు. పత్తికొండ టేపు ఎక్కించి ఉంచాడు. టమోటా మార్కెట్లో, బుట్టల మధ్య, ఇరవై ఆరేళ్ళ కింద మేమిచ్చిన ప్రదర్శన. పాడింది మా బృందంలోని సువార్త. డప్పు నాది.

ఆ ప్రదర్శన తర్వాత సువార్త మళ్ళీ పాడలేదు. గొంతు పోయింది. బృందం సమావేశంలో నిలబడి చెప్పింది: పత్తికొండలో నోట్లో రక్తం వస్తోందని చెప్పినా నేను వేదిక దిగనివ్వలేదని. నేను టేపు తెచ్చి అందరి ముందూ వేశాను. ఎక్కడ చెప్పిందో చూపించండి అన్నాను. ఎవరికీ వినబడలేదు. ఆమె లేచి వెళ్ళిపోయింది. ఆపైన నేను 'పారిపోయిన గొంతు' అని వ్యాసం రాశాను. ఉద్యమాన్ని వదిలి వెళ్ళేవాళ్ళు అబద్ధం ఎట్లా అల్లుతారో దాంట్లో విశ్లేషించాను. ఎంతమంది మెచ్చుకున్నారో!

ఇవాళ ఖాజా డప్పు గుర్తు మీద నొక్కాడు. డప్పు మాయమైంది. నా డప్పు! గొంతొక్కటే మిగిలింది, నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు. మూడో చరణం అయిపోయింది. అక్కడ డప్పు ఒక్కటే మోగే చోటు. ఆ దరువును నేను ఎన్ని ఊళ్ళలో గొప్పగా చెప్పుకున్నానో. ఆ చోట దగ్గు. మళ్ళీ దగ్గు. తర్వాత —

"అన్నా... సాలు. నోట్లో నెత్తురొస్తాంది. దిగుతా."

మగ గొంతు, మైకు పక్కనే:

"దిగితే జనం లేసిపోతారు. పాడు. నేను డప్పు పెంచుతా."

ఆ గొంతు నాది.

రికార్డు మీద వేలు పెట్టి వెనక్కి లాగాను. మళ్ళీ అదే. మళ్ళీ లాగాను. ఖాజా నా చెయ్యి పట్టుకుని తీసేశాడు.

గొంతు తడబడితే డప్పు పెంచు — అది మా బృందం పద్ధతి. పద్ధతి పెట్టింది నేనే. కొత్తవాళ్ళకు నేర్పింది నేనే.

మార్చి 14

అబద్ధం. యంత్రం కల్పించింది.

మార్చి 15

యంత్రాలు తప్పు చేస్తాయి. సాక్ష్యాన్ని పరీక్షించకుండా ఒప్పుకోవడం నా పద్ధతి కాదు. పరీక్షించాను.

నా ఉపన్యాసం టేపు ఒకటి పెట్టాను. చప్పట్లు పోయాయి, కుర్చీల చప్పుడు పోయింది. నేను అనని మాట ఒక్కటీ పుట్టలేదు. పత్తికొండ టేపును ఆ రెండో సాఫ్ట్‌వేర్‌లో వేశాను. డబ్బా లేకున్నా విడదీయడం వరకూ చేస్తుంది. ఇందులో గొంతు ఇంకా తేటగా ఉంది. 'నెత్తురు' అన్నప్పుడు ఆమె గుటక మింగడం కూడా.

సాఫ్ట్‌వేర్ మారుస్తూ కూర్చున్నాను. ఏదో ఒకటి కాదంటుందని.

మార్చి 16

సమావేశంలో ఆ టేపు వేసినప్పుడు నేను అబద్ధమాడానా? లేదు. నమ్మే చెప్పాను. కానీ పత్తికొండకూ ఆ సమావేశానికీ మధ్య ఎంత కాలం? నెల రోజులు. నెల రోజుల్లో ఆ మాట ఎట్లా మరిచిపోయాను? నిజంగా మరిచిపోయాను. అదే భయంగా ఉంది.

మార్చి 18

కలయిక సంచికలో నా పాత వ్యాసం మళ్ళీ వేస్తున్నారు. 'పారిపోయిన గొంతు'. నేనే పంపాను, జనవరిలో. చరిత్ర కొత్తవాళ్ళకు తెలియాలని.

మార్చి 22

ఎమ్మిగనూరు. సువార్త ఇల్లు అడుగుతూ పోయాను. రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతోంది.

"దావ తప్పి వచ్చినావాన్నా?"

గొంతు కాదు అది. గాలి. దగ్గరికి వంగితే గానీ మాట తెలియదు.

"రూతూ, కుర్చీ ఎయ్యి. నేను సెప్పలా, డప్పన్న అని? ఈయప్పే."

కోడలు కుర్చీ వేసి నన్ను పైకీ కిందికీ చూసింది. "మాయత్త మైకులో పాడేదంట, నిజమేనా సార్? ఇంట్లో ఎవురూ నమ్మరు. నీళ్ళ బిందె తెమ్మని పిల్సినా ఇనపడదు, ఈమె యాడ పాడిందని నగుతారు."

"పాడేది," అన్నాను. 

"టేపు ఇంగా ఉందా?" సువార్త.

"ఉంది."

"ఆ పొద్దు ఇనిపించినావు గదా అందరికీ. డప్పే ఇనపడె."

కోపంగా అనలేదు. దారం తెగకుండా చూసుకుంటూ అంది.

ఇప్పుడు డప్పు తీసేసి వినవచ్చని చెప్పాను. రాట్నం ఆగింది.

"తీసేస్తే... నేనుంటానా ఆడ?"

"ఉన్నావు. చెప్పిన మాట కూడా ఉంది."

 రూతు ఏం మాట అని అడిగింది. ఇద్దరమూ చెప్పలేదు.

"ఇంట్లోకి తెచ్చి నాకొక్కదానికి ఇనిపియ్యొద్దన్నా. నలుగుర్లో ఎయ్యి. అబద్ధాలదాన్ని చేసింది నలుగుర్లోనే గదా."

సరే అన్నాను. బస్సులో ఆదోని దాకా నిలబడే వచ్చాను, సీటు ఉన్నా. ఆ టేపులో నా మాట కూడా ఉందని ఆమెకు చెప్పలేదు. ఎందుకు చెప్పడం? అన్నది నేనే, విన్నది ఆమే. మరిచిపోయింది నేనొక్కణ్ణే.

మార్చి 27

"ఏ సాఫ్ట్‌వేర్ కాయం చేద్దాం? అద్దెదైతే గడువు అయిపోతాంది. కట్టాలంటే నేను కడతా, నువ్వు సెప్పు," అన్నాడు ఖాజా.

"ఊరికే వచ్చేది. ముందే చెప్పాను కదా, సూత్రం..."

నోట్లోంచి వచ్చేసింది. సూత్రం! విడదీయలేని సాఫ్ట్‌వేర్ అయితే డప్పు డప్పుగానే ఉంటుంది, వేదిక మీద సువార్త బాగా పాడిందని అందరూ చప్పట్లు కొడతారు, నేనూ బతికిపోతాను. సూత్రం కింద దాక్కోవడం ఇంత సులువని తెలియదు. ఇతరుల్లో ఇదే పట్టుకుని ఎన్ని పేజీలు నింపానో.

ఖాజా నవ్వలేదు. "ఆ పొద్దు మైకు నాదే గదా సారూ. డప్పు కాడ ఇంకోటి పెట్టమంటివి. పెడితి. నాకూ ఇనపడలేదా అంటే... ఇనపడింటాది. నువ్వు పెద్దోనివి, నీకు తెలుసులే అనుకుంటి."

అద్దె తానే కట్టి రెండూ ల్యాప్‌టాప్‌లో ఉంచుతానన్నాడు. ఏది తెరవాలో ఆ రోజు చెప్పమన్నాడు.

మార్చి 30

క్షమాపణ రాయబోయాను. మూడో పేజీకి వ్యాసమైంది. ఆనాటి పరిస్థితులు, బృందం ఒత్తిడి, జనం ఆకలి... చించేశాను. మళ్ళీ రాశాను. మళ్ళీ 'అయితే' అనే మాట వచ్చింది. చించేశాను.

'అయితే' లేకుండా ఒక వాక్యం రాయలేనా?

ఏప్రిల్ 2

సంచిక చూసుకుంటున్న ఆయనకు ఫోన్ చేసి నా వ్యాసం తీసేయమన్నాను. "అచ్చయి కట్టలు కూడా కట్టినారు సార్. ఏం, తప్పులేమన్నా పడినాయా?"

పడ్డాయి అన్నాను. ఎన్ని అని అడిగాడు.

ఏప్రిల్ 5. ఎమ్మిగనూరు, కల్యాణ మండపం

సాయంత్రం నాలుగు. వేదిక మీద ఒక పక్క బల్ల. రెండు చక్రాలు, నడుమ పాటలు కలిపే మిక్సర్, ల్యాప్‌టాప్. వెనకాల నేను, ఖాజా. మోకాలి మీద ఈ డైరీ. చేతులకు ఇంకో పని లేదు.

పత్తికొండ, చిప్పగిరి, మంత్రాలయం — పాతవాళ్ళందరూ వచ్చారు. జుట్టు నెరిసింది, పొట్టలు పెరిగాయి, వాదనలు అవే. ఒకడు నా భుజం తట్టి, "నీ వ్యాసం మళ్ళీ సదివినా, ఏం రాసినావప్పా!" అన్నాడు. 

ముందు వరసలో సువార్త. ఇస్త్రీ చీర. పక్కన రూతు. తలుపు దగ్గర అందరికీ పంచినట్టే వాళ్ళకూ సంచిక ఇచ్చారు. సువార్తకు చదువు రాదు. రూతు తిప్పుతోంది... ఆగింది. అత్త పేరు చూసినట్టుంది. చెవి దగ్గర పెట్టి చదివి వినిపిస్తోంది.

ఇక్కడి నుంచి వినబడదు. కానీ ఆ వ్యాసం నాకు కంఠతా వచ్చు. రూతు పెదవులు కదిలే తీరును బట్టి ఏ పేరాలో ఉందో తెలుస్తోంది. రెండో పేరా. 'కట్టుకథ' అన్న మాట అక్కడే ఉంది.

రూతు ఆగిపోయింది. తలెత్తి నన్నే చూస్తోంది. సువార్త తల ఎత్తలేదు. కోడలి మోకాలి మీద చేత్తో తడుతోంది. ఇంకా చదవమని.

ఖాజా ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. తెర మీద రెండూ పక్కపక్కనే: డప్పు తీసేది, తీయలేనిది. "ఏది తెరవాల సారూ?"

మైకులో నా పేరు పిలుస్తున్నారు. రూతు పేజీ తిప్పింది —