జారిపడినవాళ్లు

డాక్టరమ్మగారికి నమస్కారాలండి. పొదిలి అవతల మా ఊరి ఆశా కార్యకర్తను రాస్తున్నాను.

పాత చావుల రిజిస్టరు ట్యాబులో ఎక్కించమన్నారు కదండీ, ఎక్కించాను. ఆరేళ్లలో మా ఊళ్లో ఐదుగురు జారిపడి చనిపోయారు. ఐదుగురూ ఆడవాళ్లే, నలభై దాటినవాళ్లు ఒక్కరూ లేరు. చూపు ఆనని ముసలాళ్లెవరూ జారలేదు. వానాకాలం బురదలోనూ ఎవరూ జారలేదు. అందరూ మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లోనే జారారు. అప్పుడు మా నేల మీద చెంచాడు తడి ఉండదు. కాయ అమ్మిన సాయంత్రాలు మగాళ్లు ఇళ్లకెలా వస్తారో నేను రాయక్కర్లేదు.

ఐదూ నా చేతిరాతేనండి. "పోస్టుమార్టమంటే ఒళ్లు కోస్తారు, పిల్లల తండ్రి జైలుకు పోతాడు, జారిందని రాయమ్మా" అని పెద్దమనుషులు మా గుమ్మంలో కూర్చునేవాళ్లు. పిల్లల మొహాలు చూసి రాసేదాన్ని. తప్పు నాదే, నన్ను తీసేసినా ఏమీ అనను. ఒక్కొక్కటీ రాసినప్పుడు తెలియలేదు. ఐదూ ఒకచోట చూశాక ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రెండు డెంగీ కేసులొస్తే మీరు జీపేసుకుని వస్తారు కదా, దీనికీ రండి.

ఈ వారమే కల్లాల్లో కాయ పోశారు. నిన్న జయకుమారి బీపీ చూపించుకోవడానికి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ఏమైందే అనడిగితే కిందికి చూస్తూ "జారిపడ్డానక్కా" అంది.

ఆమె పేరు ఇంకా రిజిస్టరులోకి ఎక్కలేదండి. ఈలోపే రండి.