సముద్రం చూసొద్దామన్న మాట

నవంబరు 4, మంగళవారం
షారోను ఏలూరులో ఆఫీసు ముగించుకుని తాడేపల్లిగూడెంలో రైలు దిగి, ఇంట్లోకి వచ్చీ రాగానే ఫోను నా మొహం ముందు పెట్టింది. విశాఖలో హోటలు. వచ్చే వారం శని, ఆదివారాలు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందట. "అమ్మమ్మ కూడా వస్తుంది. బుక్ చేసేశాను, ఇంకేం మాట్లాడకమ్మా."
నా కూతురు నెలకో ఊరు ఇలా వెళ్లొస్తుంది. ఏం చూశావే అంటే — "ఏమీ చూడలేదు, హాయిగా పడుకున్నాను." పడుకోవడానికి అంత దూరమా!

నవంబరు 6, గురువారం
అమ్మకి ఊరెళ్లడమంటే చుట్టాలింటికి. వెళ్తే పది రోజులైనా ఉండాలి. "విశాఖలో మనకెవరున్నారే? ఎవరూ లేని ఊరికి రెండ్రోజులకి ఎందుకెళ్తారు?"
నాదేమో ఎక్స్‌కర్షన్ బుద్ధి. కొండ, జూ, సబ్‌మెరైను... ఏది ఎన్నింటికో కాగితం మీద వరస రాసుకున్నాను. షారోను చూసి పగలబడి నవ్వింది. "స్కూలు పిల్లల్ని తీసుకెళ్తున్నావా అమ్మా?" టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది.

నవంబరు 9, ఆదివారం
సిగ్గుతో చచ్చాను. ఆరాధన చివర్లో పాస్టరుగారు ప్రార్థన మనవులు చదువుతూ — "మన మరియమ్మగారు వైద్యం నిమిత్తం శనివారం విశాఖపట్నం వెళ్తున్నారు..." అంటారు! తన పేరిట ఆ చీటీ అమ్మే రాసిచ్చిందట.
సాయంత్రానికి ఇంటి నిండా మనుషులు. బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు. "ఏవండీ టీచరుగారూ, గుండెకాండీ?" షికారుకండీ అంటే ఒక్కరైనా నమ్మితేగా. అమ్మ చేతులు పట్టుకుని, కళ్లు తుడుచుకుని వెళ్లారు. షారోను గదిలో దిండు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు.

నవంబరు 10, సోమవారం
రాయక తప్పదు. పదకొండేళ్ల కిందట నాన్నని విశాఖకి నేనే తీసుకెళ్లాను. "సముద్రం చూసొద్దాం నాన్నా, రెండ్రోజులే." తిన్నగా ఆసుపత్రికి. నిజం చెబితే రారని. అమ్మతోనూ అదే అబద్ధం.
ఇరవై రోజులకి అంబులెన్సులో శవాన్ని తెచ్చాను. సముద్రం చూపించనేలేదు.
మళ్లీ అదే ఊరు, అవే రెండ్రోజులు. ఆ సంగతి నాకు ముందే తట్టొద్దూ!

నవంబరు 13, గురువారం
చెప్పి చూశాను. ఆసుపత్రి కాదమ్మా, ఒట్టు. "ఒట్లు పెట్టకే, తప్పు." సంచి సర్దుకుంది — స్టీలు పళ్లెం, గ్లాసు, ఫ్లాస్కు, పాత ఎక్స్‌రేల కవరు. "వెళ్దాంలే. నువ్వు రమ్మంటే వస్తాను."
మానేద్దామంటే షారోను మొహం చిన్నబోయింది.

నవంబరు 15, శనివారం. విశాఖ
కింద కౌంటరు దగ్గర ఆధార్ అడిగారు. ఫారం మీద సంతకం. లిఫ్టు. గదిలో తెల్ల దుప్పట్లు. దేవుడా, ఎక్కడికి తెచ్చాను!
అమ్మ మంచం అంచున కూర్చుంది. రైల్లో ఇడ్లీ ముట్టలేదు. భోజనం తెప్పిస్తే వద్దంది. "పరగడుపునే కదే రక్తం తీసేది?" అప్పటికి మధ్యాహ్నం రెండు.
షారోను నవ్వంతా ఎటు పోయిందో. "నీకోసమే కదా అమ్మమ్మా బుక్ చేశాను" అంటూ ఏడ్చేసింది. మనవరాలు ఏడ్చేసరికి అమ్మకి అనుమానం ఇంకా గట్టిపడింది. బతిమాలగా బతిమాలగా సాయంత్రానికి రెండు ముద్దలు తింది.

నవంబరు 16, ఆదివారం
కొండ లేదు, జూ లేదు. పొద్దున్నే బీచి. అమ్మ నీళ్ల వైపు చూడనైనా లేదు, నన్నే చూస్తోంది.
"చెప్పెయ్యవే. నాకేం భయం లేదు. మీ నాన్నగారికి కూడా తెలుసు."
ఏం తెలుసమ్మా?
"ఆసుపత్రికేనని. నాతో చెప్పే వెళ్లారు. నువ్వంత సంబరంగా రమ్మన్నావు కదా... కాదంటే పిల్ల బాధపడుతుందని, తెలియనట్టే ఉన్నారు."
పదకొండేళ్లుగా నేను మోసం చేశాననుకుంటున్నాను. నాన్న కారులో నాతో సముద్రం కబుర్లే చెప్పారు, దారి పొడవునా. ఇంక రాయలేను.

నవంబరు 17, సోమవారం
"నాకు తెలియకుండా ఆ ఎక్స్‌రేలు డాక్టరుకి చూపించే ఉంటావు. రిపోర్టులు ఎప్పుడిస్తారంట?" పొద్దుటి నుంచి మూడోసారి. షారోను ఆఫీసుకి వెళ్తూ గుమ్మంలో నా చెవిలో — "వచ్చాయని చెప్పెయ్యమ్మా, అంతా బాగుందని. కడుపునిండా తింటుంది."
స్కూలు నుంచి రాగానే చెప్పాను. అన్నీ బాగున్నాయన్నారమ్మా. నవ్వుతూనే చెప్పాను.
అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. "సరేలే" అంది. నేను పెట్టిందంతా తింది. చెయ్యి కడుక్కుని, కైకలూరులో ఉన్న తన తమ్ముడికి ఫోను కలపమంది. "ఒరేయ్, ఒకసారి వచ్చి చూసి వెళ్లరా..."
చేపల చెరువు వదిలి పెళ్లిళ్లకే రాని మామయ్య, రేపు మొదటి బస్సుకి వస్తున్నాడట.